తడి ఆరని గీత

ఏడేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. పెద్ద మాటేమీ కాదు, రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలు వేళకు చెప్పి ఉంటే ఒక మనిషి తన ఇంట్లో తాను తలెత్తుకుని బతికేవాడు. చెప్పలేదు. నా పేరు మీకెందుకు? తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి బిలాస్‌పూర్ రైల్వేకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో ఒకణ్ణి అనుకోండి. రైలు పెట్టెలకు రంగులు వేసి వేసి రిటైరయ్యాను.

ముందు మా పని గురించి చెప్పాలి. పెద్ద సాహెబ్ ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడంటే మాకు పండగా, గండమూ ఒకటే. ఆయన నడిచి వచ్చే వైపు ఏదో కనుక్కుంటాం. పెట్టెకి ఆ వైపు పుట్టీ పెట్టి, రుద్ది, పాలిష్ కొట్టి నిలబెడతాం. రెండో వైపు దేవుడెరుగు. సాహెబ్ వెళ్లిపోయాక అందరం టీ తాగుతాం. దీన్ని మోసం అని మేమెవరమూ ఎప్పుడూ అనుకోలేదు, పని అనే అనుకున్నాం. పెట్టెకి సొట్ట ఉన్నా నష్టం లేదు కదా, అది చక్రాల మీద నడుస్తుంది, రంగు మీద కాదు. ముప్పై నాలుగేళ్లు అలా గడిచాక చేతులకు వేరే పద్ధతి రాదు. ఇది సాకా? సాకే. అయినా నిజం.

అప్పన్న నాతోపాటు షెడ్‌లో ఫిట్టరు. భీమిలి వైపు బెస్తవాళ్లు. వాళ్ల నాన్న సముద్రం వదిలి రైల్వేలో చేరాడు. మా తాత అలల మీద నిలబడి వల విసిరేవాడు, నేను ఇక్కడ గ్రీజు పూసుకుంటున్నాను అని అప్పన్న వాపోని రోజు లేదు. చుట్టరికం లేకపోయినా నాకు బావ, వాడి పెళ్లాం సత్తెమ్మ నాకు చెల్లి. ఇరవై ఏళ్లు ఇద్దరం డ్యూటీ దిగి ఒకే సీసా పంచుకున్నాం. తరవాత వాడికి కామెర్లు వచ్చాయి. చచ్చి బతికాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు సత్తెమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇంక ముట్టనని ఒట్టేశాడు. వాడు ఒట్టు నిలబెట్టుకున్నాడు. నేను సీసాతో ఒంటరిగా మిగిలాను. వాడి మీద నాకు కోపం వచ్చిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. మంచిపని చేసినవాడి మీద కోపమేమిటి? అదే నాకూ అర్థం కాలేదు.

రిటైరయ్యాక వాడు ఒక ఫైబర్ పడవ కొన్నాడు. ఎక్కడో మూతపడ్డ బోటింగ్ వాళ్లది. ఊరికి దూరంగా ఉన్న జలాశయంలో చేపలు పట్టుకుంటాడట, సత్తెమ్మని ఎక్కించుకుని తిప్పుతాడట. లాల్‌ఖదాన్ బస్తీలో వాడి ఇంటి వెనక బోర్లించి ఉంటే చూశాను. ఒకప్పటి నీలం ఎండకి వెలిసి సున్నం గోడలా ఉంది. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటింది. దీనికి మెరుపు తెప్పించగలవా అని అడిగాడు. అడిగి ఊరుకోకుండా, మీ రంగులోళ్లది పైపూత పనే కదా అని నవ్వాడు. ఎప్పుడూ అనే మాటే. ఆ రోజు మాత్రం తగిలింది. నాలుగు రోజుల్లో అందులో నీ మొహం చూపిస్తాను చూడమన్నాను. వాడు వెంటనే ఆదివారం గంగమ్మ పూజ పెట్టుకుని అందర్నీ పిలిచేశాడు.

సబ్బుతో కడిగాను. గరుకు కాగితం నీళ్లలో ముంచి రుద్దాను, తరవాత సన్న కాగితం, ఆ తరవాత ఇంకా సన్నది. మూడో రోజు కడిగి ఎండకి వదిలేసి బీడీ ముట్టించాను. పడవంతా ఆరింది. వెనక భాగంలో, అడుగున, జానెడు పొడవున ఒక గీత మాత్రం ఆరలేదు. నల్లగా, వెంట్రుకంత సన్నగా, తడిగా అలాగే ఉంది. దగ్గరికి వెళ్లి బొటనవేలితో నొక్కాను. లోపలికి దిగింది. రూపాయి బిళ్లతో కొట్టి చూశాను. మిగతా చోట్ల ఖంగుమంది, అక్కడ దబ్బుమంది. పొడుగ్గా చీలి, లోపల నీరు తాగి మెత్తబడిందని నాకు తెలిసిపోయింది. తెలియలేదని మాత్రం ఈ జన్మలో అనలేను.

ఆ ముక్క కోసేసి కొత్తగా ఫైబర్ పొరలు వెయ్యాలి. ఆ పని నాకు రాదు. వచ్చినవాణ్ణి రాయపూర్ నుంచి పిలవాలి, వారం పడుతుంది, పూజ ఆగిపోతుంది. అప్పన్న దగ్గరికి వెళ్లి, బావా, ఇది పైపూతతో అయ్యే పని కాదు అని నా నోటితో నేనే చెప్పాలి. లేచి నాలుగడుగులు వేశాను కూడా. మళ్లీ వెనక్కి వచ్చి పుట్టీ డబ్బా మూత తీశాను. నింపాను, ఆరాక రుద్దాను, నీలం కలిపి పూశాను, మెరుపు తెప్పించే కాంపౌండ్ పెట్టి మెషిన్ తిప్పాను, మైనం పట్టించాను. ఒకప్పటి ఇన్‌స్పెక్షన్ రోజుల్లో కూడా అంత బాగా చెయ్యలేదు. అప్పన్న వచ్చి అందులో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు. తరవాత, మా తాత చూస్తే బాగుండును అన్నాడు. నాకు గర్వంగానే ఉంది. చీ, ఏం మనిషిని.

ఆదివారం జలాశయం ఒడ్డున పడవకి పసుపు రాసి, వేపమండలు కట్టి, కొబ్బరికాయ కొట్టారు. నేను సీసా తెచ్చుకున్నాను. పూజ అయ్యాక అప్పన్నని చెట్టు వెనక్కి పిలిచి రెండు గ్లాసుల్లో పోశాను. ఈ ఒక్కరోజుకీ ఏమీ కాదన్నాను. వాడు గ్లాసు వెనక్కి తోసేసి, మీ చెల్లి నెత్తి మీద ఒట్టు బావా అని వెళ్లిపోయాడు. రెండూ నేనే తాగాను. మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి ఇది తెలియదు.

సత్తెమ్మని వెనక కూర్చోబెట్టుకుని తెడ్డు వేశాడు. ఎంత బాగా వేశాడో! ఒడ్డున అందరూ చప్పట్లు కొట్టారు. నడి నీళ్లలోకి వెళ్లాక సత్తెమ్మ కేక వినిపించింది. పడవ వెనక్కి కుంగింది. అక్కడి చేపలవాళ్లు దూకి ఇద్దర్నీ లాక్కొచ్చారు. సత్తెమ్మ నీళ్లు తాగేసింది, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. అంత కొత్తగా మెరిసే పడవ ఊరికే ఎందుకు పగులుతుంది? తాగి రాయికి కొట్టుంటాడు అన్నారు జనం. చెట్టు వెనక సీసా, రెండు గ్లాసులు ఎవరికో దొరికాయి. సత్తెమ్మ ఒడ్డున పడి ఉండగానే వాటిని చూసింది.

పది రోజులకి అప్పన్న ఆమెను వెంటబెట్టుకుని నా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావా, నువ్వే సెప్పు. నాను ఆ రోజు ముట్టుకున్నానేటి?"

సత్తెమ్మ నన్నే చూస్తోంది. "నువ్వు సెప్తే నమ్ముతాను అన్నియ్యా" అంది.

వాడు ముట్టలేదు అంటే సరిపోయేది. కానీ ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. మరి పడవ ఎందుకు పగిలింది? నా కళ్ల ముందు ఆ తడి గీత కదిలింది.

"పోనీలే చెల్లీ" అన్నాను. "అయిందేదో అయిపోయింది. ఆడి మీద కోపం పెట్టుకోకు."

అంతే. అబద్ధం ఒక్కటీ లేదు చూడండి అందులో. అబద్ధమైతే ఇంత పాడుగా ఉండేది కాదేమో. అప్పన్న నా వైపు ఒకసారి చూసి, కిందికి వంగి చెప్పులు వెతుక్కున్నాడు. కాళ్ల దగ్గరే ఉన్నాయి. అయినా చాలాసేపు వెతికాడు.

ఇంకొకటి ఉంది. దాచితే ఈ రాతంతా దండగ. ఎండాకాలంలో జలాశయం దిగిపోయి పడవ బయటపడిందని విని, అప్పన్న కంటే ముందు నేను పరుగెత్తాను. గీత నోరు తెరుచుకుని ఉంది, అంచుల్లో నా పుట్టీ ఇంకా అంటుకునే ఉంది. తాళంచెవితో గీకి గీకి మొత్తం తీసేశాను. తీశాక, ఎందుకో, పక్కనున్న బురద అరచేత్తో తుడిచాను. మెరుపు చెక్కుచెదరలేదు. అందులో నా మొహం కనబడింది.

ఆ తరవాత సత్తెమ్మ తన చేత్తో వాడికి అన్నం పెట్టలేదు. కోడలు పెట్టేది. వాడు మళ్లీ నీళ్ల వైపు వెళ్లలేదు. నాలుగేళ్లకి గుండె ఆగి పోయాడు. అప్పటిదాకా ఒక్క చుక్క ముట్టలేదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ మధ్యలో కూడా రెండుసార్లు పోసి చూశాను. వాడు తాగితే నా తప్పు తగ్గుతుందనుకున్నానా? అందరూ వాణ్ణి తాగుబోతు అంటుంటే నాకు లోలోపల కాస్త హాయిగా ఉండేది, మళ్లీ నా జట్టులోకి వచ్చినట్టు. ఇంతకంటే నీచమైన సంగతి నా దగ్గర ఇంకేమీ లేదు.

ఎన్నోసార్లు సత్తెమ్మ గుమ్మం దాకా వెళ్లాను. అన్నియ్యా అని మంచినీళ్లు ఇస్తుంది. తాగి వచ్చేస్తాను.

మా తెలుగువాళ్ల సంఘం ఏడాదికొకసారి ఒక సంచిక వేస్తుంది. ఇక్కడి పిల్లలకు హిందీ తప్ప అక్షరం రాదు, అది ఇళ్లలో అల్మారా కాగితం అవుతుంది. సత్తెమ్మ ఇంట్లో మాత్రం అలా కాదు. ఆమె కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి, మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా చదువుతుంది. ఇది ఆ సంచికకే పంపుతున్నాను. పేర్లు మార్చాను గానీ పడవని మార్చలేదు. ఆమెకి తెలిసిపోతుంది. క్షమించమని అడగను, ఇకమీదట నీళ్లు ఇవ్వకపోయినా సరే. ఆ రోజు నా గుమ్మంలో అడిగిన దానికి జవాబు మాత్రం ఇది.

వాడు ముట్టలేదు చెల్లీ. పడవ ముందే పగిలి ఉంది.