స్పెయిన్ పాటగత్తె, మా శుక్రవారాలు

రియాద్‌లో దిగిన మొదటి ఏడు నాకు పరిచయమైన ఆడమనిషి ఒక్కతే. ఆమె స్పెయిన్ దేశపు పాటగత్తె. పరిచయం అంటే క్యాసెట్టు అట్ట మీది బొమ్మతో పరిచయం. ఆమెకు నేనెవరో తెలియదు, నాకు ఆమె భాష తెలియదు. అయినా ఆ తర్వాత గడిచిన కాలమంతా మా ఇంటివాళ్ళ సంగతులకంటే ఆమె సంగతులే నాకు ముందు తెలిసేవి. మా చెల్లెలి పెళ్ళిలో ఎవరెవరు ఏం కట్టుకున్నారో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు గానీ, ఆమె ఏ క్యాసెట్టుకు జుట్టు పొట్టిగా కత్తిరించుకుందో అడగండి, చెబుతాను.

ఆ క్యాసెట్టు మా డ్రైవర్ భాయ్‌ది. ఆయనది కడప దగ్గర పల్లె, నాది నిజామాబాద్ వైపు. మాది ఏసీలు బాగుచేసే కంపెనీ. నేను హెల్పర్‌ని, భాయ్ మమ్మల్ని సైట్లకు చేర్చే వ్యాను నడిపేవాడు. నాకంటే బాగా పెద్దవాడు. నన్ను తమ్ముడూ అనేవాడు. పనివాళ్ళ క్యాంపులో మా ఇద్దరివీ ఒకే గదిలో కింద మంచం, పై మంచం. ఆయన గురకకు నా మంచం కూడా ఊగేది. ఆ విషయంలో ఆయనతో నేను పడని గొడవ లేదు.

ఒక శుక్రవారం సెలవు నాడు బతా బజారుకు పోయినప్పుడు భాయ్ పాత హిందీ పాటల కోసం ఓ క్యాసెట్ల కొట్టుకు వెళ్ళాడట. కొట్టువాడు అప్పటికే ఇంకేదో పాట పెట్టుకుని వింటున్నాడు. భాయ్ వచ్చిన పని మరిచిపోయి పాట అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత ఆ క్యాసెట్టే కొనుక్కుని వచ్చాడు. "భాష ఏందో తెలీదు తమ్ముడూ, కానీ గొంతు సూడు, ఎవురో మన మనిషే పిలిచినట్టుండాది" అని గదిలో పెట్టాడు.

అట్ట మీద పాటగత్తె బొమ్మ ఉంది. పడుచు పిల్ల, పెద్ద కళ్ళు. మెడ నుంచి మణికట్టు దాకా నల్లని బట్ట. ఆ రోజుల్లో అట్టల మీద ఆడవాళ్ళ భుజాలు కనిపిస్తే తనిఖీవాళ్ళు నల్ల మార్కరుతో పూసేసి గానీ కొట్లకు వదిలేవారు కాదు. కొత్తగా దిగినవాణ్ణి, ఆ సంగతి నాకేం తెలుసు? పూసినవాడెవడో పనిమంతుడు, చేతుల అంచు దాటకుండా చక్కగా పూశాడు. అచ్చం పొడుగు చేతుల జాకెట్టులాగే ఉంది. తెల్లవాళ్ళు చావుకు నల్లబట్టలు వేసుకుంటారని ఏదో సినిమాలో చూసిన జ్ఞానం నాది. పాట కూడా మొదట్లో ఏడుపు రాగంలా సాగుతుంది; తర్వాత చప్పట్లు పడితే అవి గుండెలు బాదుకోవడం అనుకున్నాం.

"పాపం, మొగడు పోయినట్టున్నడు" అన్నాను.

అంతే. గదిలో అందరూ ఒప్పేసుకున్నారు. ఇంత చిన్న వయసులో ఎంత కష్టం వచ్చిందని కరీంనగర్ మేస్త్రీ ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. మరుసటి ఏడు రెండో క్యాసెట్టు వచ్చింది. అందులోనూ నల్లబట్టలే. మూడోదానిలో కాళ్ళకు కూడా నలుపే. ఇన్నేళ్ళయినా మొగుణ్ణి మరిచిపోలేదని మా గదిలో ఆమెకు వచ్చిన గౌరవం అంతా ఇంతా కాదు.

అలా ఆ మొదటి పాట మా గదిలో ఏడ్చే పాట అయింది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపు వేసుకునేవాళ్ళం. పాటలు బయటికి వినబడితే క్యాంపు బాసు ఊరుకోడు కాబట్టి సన్నగా పెట్టుకునేవాళ్ళం. ఇంటినుంచి చెడ్డ కబురు వచ్చినవాడు "భాయ్, ఆ పాట పెట్టు" అనేవాడు. ఎందుకని ఎవరూ అడగకూడదు, పాట నడిచినంతసేపు వాడి మొహం వైపు ఎవరూ చూడకూడదు. అయిపోయాక భాయ్ లేచి అందరికీ పాలు లేని సులేమానీ చాయ్ పెట్టేవాడు. వారమంతా ఎండలో మిద్దెల మీద ఏసీలు మోస్తూ బూతు జోకులు వేసుకునే మనుషులం, శుక్రవారం ఆ కాసేపు మాత్రం గోడల వైపు తిరిగి పడుకునేవాళ్ళం. మా నాయన పోయిన కబురు వచ్చిన వారం నేనూ అడిగాను. పల్లెలో మా వాళ్ళందరూ నాయన చుట్టూ కూర్చుని ఏడ్చి ఉంటారు. నాకు ఆ పాట దొరికింది. అది కూడా లేకపోతే ఏమైపోయేవాణ్ణో నాకు తెలియదు.

తర్వాత ఆమె గెంతులేసే పాటలు కూడా పాడింది. షవర్మా కొట్లలో, జ్యూస్ కొట్లలో అవే మోగేవి. మా గదికి అవి నచ్చలేదు. "కడుపు కోసం పాడుతుంది, ఏం జేస్తది" అని మేస్త్రీ ఆమెను క్షమించాడు. మేమూ క్షమించాం.

ఆ మధ్యలో కంపెనీవాళ్ళు భాయ్‌ని ఓ పెద్ద ప్రాజెక్టుకు ఇచ్చారు. అక్కడి ఇంజనీర్లు స్పెయిన్‌వాళ్ళు. వాళ్ళను తెచ్చి దింపడం ఆయన పని. అప్పటినుంచి పాటగత్తె కబుర్లు మాకు నేరుగా స్పెయిన్ నుంచే వచ్చినట్టు వచ్చేవి. సాయంత్రం భాయ్ చెప్పులు విప్పకముందే చుట్టూ చేరేవాళ్ళం. ఆమె గొంతుకు ఆపరేషన్ అయిందన్నాడు. ఇక పాడలేదేమోనని డాక్టర్లు అన్నారన్నాడు. ఆ వారం గదిలో హిందువులం హనుమంతుడికి మొక్కుకున్నాం, ముస్లింలు దువా చేశారు. గొంతు తిరిగి వచ్చింది. కొన్నాళ్ళకు ఆమెకు పెళ్ళయిందన్నాడు. గదిలో పెద్ద పంచాయితీ నడిచింది. మొగుడు పోయిన మనిషి మళ్ళీ చేసుకుంటే తప్పేముందని నేను, ఇంతకాలం ఆగింది ఇంకొన్నాళ్ళు ఆగలేకపోయిందా అని మేస్త్రీ. రెండు రోజులు మాటలు కూడా మానేసుకున్నాం. భాయ్ మాత్రం మీసాల చాటున నవ్వుకుంటూ బియ్యంలో రాళ్ళు ఏరేవాడు. ఆ నవ్వు ఎందుకో నేను అడగలేదు.

ఆ తర్వాతే భాయ్ ఇల్లాలు పోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చారట, మరి లేవలేదు. ఆ రోజు కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, దూరాన నజ్రాన్‌లో ఉన్నాడు, పాస్‌పోర్టు అతని దగ్గర ఉంది. అతను వచ్చి, ఊరికి పోయి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం చేతికందేసరికి అక్కడ మట్టి కూడా అయిపోయింది. ఇంక పోయి చూసేదేముందని భాయ్ ఆగిపోయాడు. ఆ శుక్రవారం ఎవరూ అడక్కుండానే ఆయనే లేచి ఆ పాట పెట్టాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మేం ఎవరమూ చూడకూడదు గానీ, అందరమూ చూశాం. పాట అయిపోయాక మొదటిసారి చాయ్ నేను పెట్టాను.

కాలం ఎవరికోసం ఆగింది? మేస్త్రీ ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి పోయాడు. ఒకడు తబూక్ పొలాల్లో పంపుసెట్ల పనికి వెళ్ళాడు. నేను సూపర్‌వైజర్‌నయ్యాను, వేరే గది వచ్చింది. క్యాసెట్లు పోయి సీడీలు, సీడీలు పోయి ఫోన్లు వచ్చాయి. పాటగత్తె మొగుడితో విడిపోయింది, పాడటం మానేసింది, మళ్ళీ మొదలుపెట్టింది. వయసు మళ్ళిన గొంతుతో పాత పాటలనే నెమ్మదిగా పాడుతోందని విన్నాం. భాయ్ గడ్డం తెల్లబడింది, షుగర్ వచ్చింది, మోకాళ్ళు అరిగాయి. పోయిన చలికాలం ఆయన కూడా ఫైనల్ ఎగ్జిట్‌కు పెట్టుకున్నాడు. నెలాఖరుకు ప్రయాణం.

సరిగ్గా అప్పుడే ఆమె రియాద్‌కు వస్తోందని బోర్డులు పడ్డాయి. ఒకప్పుడు తలుపులు మూసుకుని విన్న పాటను ఇప్పుడు ఊరవతల మైదానంలో వేలమంది మధ్య పాడుతుందట. ఆడా మగా కలిసి కూర్చోవచ్చట. నేను ఆలోచించలేదు, ఫోన్‌లో రెండు టికెట్లు తీసేశాను. భాయ్ ఆ రోజు నుంచి కొత్త పెళ్ళికొడుకే. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని మేకుకు తగిలించాడు. "మా ఆమె కూడా ఉంటే ఎంత బాగుండును రా" అన్నాడు.

ఆ వారంలోనే నాకు బుద్ధి పుట్టి, ఆ పాత పాట వీడియో ఫోన్‌లో వెతికాను. దొరికింది. కింద ఇంగ్లీషులో అర్థం వస్తోంది. నా ఇంగ్లీషు గొప్పదేం కాదు, ఆపి ఆపి చదువుకున్నాను. అందులో ఆమె పచ్చటి గౌనులో, చేతులు లేని గౌనులో, గిరగిరా తిరుగుతోంది. అదొక పెళ్ళి. పెళ్ళికూతురు అయ్యో నా మొగుడు నన్ను వదిలి వెళ్ళిపోయాడని రాగం తీసి ఏడుస్తుంది. ఎక్కడికి వెళ్ళాడమ్మా అంటే నిద్రలోకి. తాగి, తిని, తన పెళ్ళిలో తానే గురకపెట్టి పడుకున్నాడు. ఇక పెళ్ళికూతురు ఊళ్ళో ముసలివాళ్ళందరితో తెల్లవార్లూ ఆడుతుంది. అంతే పాట.

నాకు చచ్చేంత సిగ్గేసింది. వెంటనే భయం వేసింది. భాయ్ తన ఇల్లాలి చావుకు పెట్టుకున్న పాట ఇది. ఆయన దుఃఖానికి ఉన్న ఒకే ఒక్క పాట. కచేరీల్లో ఇప్పుడు పెద్ద తెర మీద పాటల అర్థం అరబ్బీలో వేస్తున్నారు. ఇన్నేళ్ళు బండి తోలిన మనిషి, అరబ్బీ గడగడా చదువుతాడు. వయసు మీద పడ్డాక, ఊరికి పోయే ముందు, వేలమంది మధ్య కూర్చోబెట్టి నేనే ఆయనకు ఈ సంగతి తెలిసేలా చేయాలా?

"భాయ్, పోవద్దు తీయ్. చలి మస్తుగున్నది, నీ మోకాళ్ళు ఓర్సుకోవు" అన్నాను.

"మోకాళ్ళు నాయి. నొప్పి నీకేందిరా?"

"గంత సేపు కూసోవాలె గదా."

"నువ్వు రాకుంటే మానుకో. టికెట్టు ఇయ్యి, నేనొక్కణ్ణే పోతా."

ఆయన పట్టుపడితే వ్యాను కూడా వెనక్కి తిరగదు. వెళ్ళాం.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయ్యాక మొదలైంది. ఆమె వచ్చింది. నేను చూసిన పడుచుపిల్ల కాదు, మా అక్క వయసు మనిషి. నడుం కాస్త లావెక్కింది. మొదటి మాట పాడగానే మా పాత గది గుర్తొచ్చింది. ఎన్ని గదులు, ఎందరు మనుషులు ఆ గొంతులో ఉన్నారో! మేస్త్రీ ఉంటే ఏమనేవాడో అనుకున్నాను. రెండు మూడు పాటలయ్యాక ఆమె మైకు దగ్గరికి వచ్చి కళ్ళు మూసుకుని ఆ ఏడుపు రాగం అందుకుంది. తెర మీద అరబ్బీ అక్షరాలు కదిలాయి. నేను వేదిక వైపు చూడటం మానేసి భాయ్ మొహం చూస్తూ కూర్చున్నాను.

భాయ్ తెర చదవలేదు. చదవకముందే నవ్వుతున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"భాయ్... నీకు ముందే ఎరుకనా?"

"ఎరికే. ఆ స్పెయిన్ ఇంజనీరు ఎప్పుడో చెప్పినాడు. ఆ పొద్దే ఫోన్ చేసి మా ఆమెకు చెప్పినా. మా నిఖా నాడు నేనూ అంతే కదరా! రెండు రాత్రులు లారీ తోలుకొని వచ్చి, ఖాజీసాబ్ ఇంగా దువా చేస్తాంటే గోడకు ఆనుకొని నిద్రపోయినా. మా ఆమె నవ్వీ నవ్వీ దగ్గు పట్టుకునింది. ఆ పిల్లకు మన కథ ఎవురు చెప్పినారు అనింది."

"మరి ఆమె పోయిన నాడు ఈ పాటనే పెట్టినవు?"

"దీంట్లోనే కదా ఆమె నవ్వు ఉండేది."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు మా అందరినీ వెర్రివాళ్ళను చేశాడు. "మాకెందుకు చెప్పలేదు మరి?" అని కాస్త గట్టిగానే అన్నాను. ముందు వరుసలో వాళ్ళు తిరిగి చూశారు.

భాయ్ నవ్వు ఆపాడు. "ఎట్ల చెప్పేదిరా తమ్ముడూ? నాయన పోయినోడు ఒకడు, బిడ్డ పోయినోడు ఒకడు. అందరికీ ఆ పాట వస్తేనే కండ్లలో నీళ్ళు. ఇది పెండ్లి పాటరా అని నేను చెప్పినాననుకో, మీరు యాడికి పోయి ఏడుస్తారు?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. చుట్టూ జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. భాయ్ ముందు కుర్చీ పట్టుకుని, అబ్బా అంటూ, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు. చేతులు పైకెత్తి ఆడటం మొదలుపెట్టాడు. నెలాఖరుకు ఈయన వెళ్ళిపోతే ఈ ఊళ్ళో నన్ను తమ్ముడూ అని పిలిచే మనిషి ఉండడు. ఆ మాట అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. లేచి, ఆయన పక్కన నిలబడి, నేనూ ఆడాను.