పాలియేటివ్ అంటే ఏంది?

ముప్పై ఏళ్లుగా వరంగల్‌లో పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నాను. నన్ను చదివించింది మా అక్క. తను పదో తరగతి తప్పి ఇంటి గాజుల దుకాణంలో కూర్చుంది. "నాకు రాని ఇంగ్లీషు నువ్వన్న నేర్వు" అని నన్ను కాలేజీకి తోలింది.

పోయినేడు ఆమెకు లివర్ క్యాన్సర్ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడాక, ఒక పొద్దున దవాఖానలో డాక్టరు ఒక కాగితం రాసి నా చేతికిచ్చాడు. "మీరు టీచర్ కదా మేడం, మీకర్థమైతది" అని ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లిపోయాడు. బావ మందుల కోసం లైన్లో ఉన్నాడు.

అక్క కాగితం గుంజుకుని కూడబలుక్కుంది. "పా... లి... యే... టివ్. గిదేం మాట చెల్లె?"

"విశేషణమక్కా." నోటికి అదే వచ్చింది. సిగ్గేసింది.

"అది గాదు, మతలబేంది?"

"నొప్పి తగ్గించేది."

"మరి రోగం?"

నేను కాగితం వంక చూస్తూ కూర్చున్నాను.

"ఇంకెక్కడ వాడ్తరు గా మాట?" దుకాణంలోనూ అంతే, ఏదైనా తేలేదాకా వదలదు.

"వానకు రోడ్డు కొట్టుకపోతే గుంతల్ల మన్ను పోసి పోతరు సూడు, గసొంటి పనికి గూడ అంటరు." ఆపితే ఏడుపొస్తుందని ఇంకా చెప్పుకుంటూ పోయాను. "లాటిన్ భాషల పాలియం అంటే మీద కప్పుకునే బట్ట. అండ్లకెళ్లే ఈ మాట పుట్టింది."

అక్క కాగితం మడిచింది. "అంటే కప్పుడే. కిందున్నది ఉన్నట్టే ఉంటది."

వేలకొద్దీ జవాబు పత్రాలు దిద్దిన దాన్ని. ఆ జవాబు తప్పని చెప్పలేకపోయాను.

"ఏడ్వకు. మీ బావ వస్తాండు."

బావకు ఇంగ్లీషు రాదు. మందుల కవరు పట్టుకుని నా మొహం చూశాడు. "ఏమన్నడు డాక్టరు?"

నేను నోరు తెరిచేలోపే అక్క అంది: "మందు మార్చిండట. ఇగ నొప్పి ఉండదట."

"అట్లనా!" బావ మొహం విచ్చుకుంది. మాకు చాయ్ తెస్తానని గబగబా కిందికి పోయాడు. వెనక్కి పిలవాలనుకున్నాను. పిలవలేదు.

ఐదు వారాలకు అక్క ఇంట్లోనే పోయింది. పెద్దగా నొప్పి పడలేదు. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరితో బావ ఇప్పటికీ అంటాడు: "ఆఖరుకిచ్చిన మందు మంచిగ పని చేసింది. గదే జర ముందుగాల ఇచ్చుంటే బతుకుతుండె."

నేను పక్కనే ఉంటాను. ఏమీ అనను.