బొంబాయిలో ఇటలీ హోటళ్లు వెతికిన మా మేనమామ

పోయిన నెలలో ఒక పొద్దున, బడికి బయలుదేరుతూ టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే తాండూరు నుంచి ఫోన్ వచ్చింది. మా మేనమామ పోయాడని అత్తమ్మ చెప్పింది. చాయ్ తాగి, కుర్చీలో వెనక్కి వాలి, "జరసేపు పంట" అని కళ్లు మూసుకున్నాడట. ఆమె గ్లాసు కడిగి వచ్చేసరికి అయిపోయింది. దగ్గలేదు, ఆయాసపడలేదు.

ఉన్నమాట చెప్తాను. ఆ కబురు వినగానే ముందు నాకు కలిగింది ఊరట. దుఃఖం తర్వాత వచ్చింది. ముప్పై ఏళ్లు బండలు కోసి, పరిచి, పాలిష్ పట్టిన మనిషి. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, చివరి రెండేళ్లు నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు ఆగేవాడు. మేం ఎదురుగా కూర్చుని, ఆయన ఊపిరి లోపలికి పోయిందా లేదా అని చూసేవాళ్లం. ఆ పెనుగులాట ఆగింది. మట్టి ఇచ్చి వచ్చాక అత్తమ్మ నా పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా, "పానం సుకపడ్డది గద బిడ్డ" అన్నది. అవునన్నాను. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

మా మామ మీకు తెలిసే అవకాశం లేదు. కానీ మీలో కొందరి ఇళ్లలో ఆయన పరిచిన బండల మీద పిల్లలు పాకి ఉంటారు. ఆయనకు ఒక అలవాటుండేది. ఎవరింటికి పోయినా ముందు వంగి, వేలి గణుపుతో బండను రెండుసార్లు కొట్టి, తల పక్కకు వంచి వినేవాడు. కింద మట్టి గట్టిగా కూరి ఉంటే ఒక చప్పుడు, ఖాళీ ఉంటే ఇంకో చప్పుడు. ఎవరి పెళ్లిచూపులకో పోయినచోట కూడా అదే పని చేసి అత్తమ్మతో తిట్లు తిన్నాడు. చిన్నప్పుడు నాకు అది చాదస్తంగా కనిపించేది. అది నా కూతురి బతుకును నిలబెట్టిన తీరు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందటి మాట. మా మౌనిక హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, బొంబాయిలో ఒక ఇటలీ వంటల హోటల్లో పనికి చేరింది. నేను పూడూరు బడిలో టీచర్‌ని, మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. మా రెండువైపులా అంత దూరం పోయి కొలువు చేసిన ఆడపిల్ల లేదు. మొదట్లో రోజూ ఫోన్ చేసి పాస్తా రకాల పేర్లు చెప్పేది. నాకు ఒక్కటీ గుర్తుండేది కాదు. మూడో నెలకు ఫోన్లు తగ్గాయి. ఒకరోజు, "అమ్మా, నాకు వంట రాదు. నేను దీనికి పనికిరాను" అన్నది. గొంతులో ఏడుపు కూడా లేదు, అదే నన్ను భయపెట్టింది. కదిలించి అడిగితే బయటపడింది. అక్కడి పెద్ద వంటవాడు అందరి ముందూ ఆమె చేసిన ప్లేటును చెత్తడబ్బాలో పారేసి, ఆ రోజు నుంచి వెల్లుల్లి పొట్టు తీయడం తప్ప వేరే పని ముట్టనివ్వడం లేదు. పేరు పెట్టి కూడా పిలవడు.

"వచ్చేయ్ బిడ్డ. వంటే గద, పోతే పోయింది" అన్నాను. మంచిమాట చెప్పాననుకున్నాను. మా ఆయన అప్పటికే నవాబుపేట సంబంధం ఒకటి చూసి పెట్టాడు. పిల్ల తిరిగొస్తే ఇక ఇల్లు దాటదని నాకు లోపల తెలుసు. అయినా ఏం చెయ్యాలో తోచక, ఆదివారం రైలెక్కి తాండూరు పోయాను. మామ బొంబాయిలో పన్నెండేళ్లు పని చేశాడు. మాలో ఆ ఊరు తెలిసిన మనిషి ఆయనొక్కడే.

ఆయన అంతా విన్నాడు. తర్వాత అడిగాడు.

"పిల్లతోని ‘వంటే గద’ అన్నవా?"

"అన్న మామా."

"నన్ను గూడ గట్లనే అన్నరు, బండలే గద అని. అన్నప్పుడల్లా చేతులు సల్లబడుతుండె." కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయనే మళ్లీ అందుకున్నాడు. "పిల్లను తీస్కచ్చుడు ఎంతసేపు, రైలెక్కిస్తె వస్తది. గని పిల్లకు పని రాదా, ఆ జాగ మంచిగ లేదా, అది తెల్వాలె ముందు. అంత పెద్ద ఊర్ల ఒక్క మంచి ఇటలీ హోటల్ ఉండదా? పోయి దేవులాడుదాం."

"మనకు ఇటలీ తిండి సంగతి ఏం తెలుసు మామా?"

"తిండి సంగతి పిల్లకు తెలుసు. జాగ సంగతి నాకు తెలుసు."

మా ఆయన్ని ఫోన్లో ఒప్పించింది కూడా మామే. "వారం రోజులు ఆగు అల్లుడా. దొరకకపోతె నేనే తోల్కొని వస్త" అన్నాడు. జొన్నరొట్టెలు, పల్లికారం, ఎవరికైనా ఇవ్వవచ్చని రెండు కిలోల కందిపప్పు కట్టుకుని, సాయంత్రం బొంబాయి రైలెక్కాం.

స్టేషన్లో మౌనికను చూసి నేను గుర్తుపట్టలేకపోయాను, అంత చిక్కిపోయింది. అంతకుముందు రోజే పని మానేసిందట. మామ ఆమె చేతులు తీసుకుని వేళ్లు చూశాడు. వెల్లుల్లి ఒలిచి ఒలిచి గోళ్ల పక్కన చర్మం లేచిపోయి ఉంది. "మేస్త్రీ చేతుల లెక్కనే ఉన్నయ్" అన్నాడు. ఆమె కొంచెం నవ్వింది.

మేం ముగ్గురం నాలుగు రోజులు ఇటలీ హోటళ్లు తిరిగాం. మామ ఉతికిన తెల్ల చొక్కా, నేను బడికి కట్టుకునే చీర. మొదటిచోట తలుపు తీసిన అతను మమ్మల్ని ఎగాదిగా చూశాడు. మామ అతన్ని పట్టించుకోకుండా, వంగి నేల మీద రెండుసార్లు కొట్టి విని, లేచి నెమ్మదిగా కుర్చీ దాకా నడిచాడు. ఆయన వంగేది నేలను చూడటానికి మాత్రమే కాదనీ, మెట్లెక్కిన ఆయాసం మా కంటపడకుండా అక్కడ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడనీ నాకు అప్పుడు తెలియదు.

పాస్తా వచ్చింది. మామ ఒక ముద్ద తిని, "ఉడకలే" అన్నాడు.

"అట్లనే ఉండాలె తాతా. పంటికి జర తగలాలె" అని మౌనిక చెప్పింది.

"అంటె మన జొన్నగట్క లెక్క మెత్తగ ఉండదన్నట్టు." ఆలోచించి ఇంకో ముద్ద తిన్నాడు. "సరె. నువ్వు నోటితోని సూడు, నేను చెవులతోని ఇంట."

ఆయన వంటగది తలుపుకు ఎదురుగా కూర్చునేవాడు. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల పక్కకు వంచేవాడు. మొదటిచోట తలుపు తీసినప్పుడల్లా ఒకే గొంతు, తిట్లు. అది వినపడగానే మౌనిక భుజాలు ముడుచుకోవడం నేను చూశాను. తిండి మటుకు బాగుంది. బయటికి వచ్చాక, "లోపల బోలుగ ఉన్నది, వద్దు" అన్నాడు మామ. రెండోచోట తలుపు వెనుక అసలు అలికిడే లేదు. అయితే ఇది మంచిదే కదా అన్నాను. "గంత మంది పనిచేసే జాగల ఒక్కడు గూడ నవ్వకపోతె, భయపడుతున్నట్టు" అన్నాడు. ఆ హోటల్‌ను మౌనిక కూడా వద్దంది. టమాటా రసం డబ్బాలోదట, ఒక్క చెంచాతో చెప్పేసింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొన్ని వారాలుగా నేను వినని పొగరు వినిపించింది. మామ నావైపు చూశాడు. పిల్లకు పని వచ్చు అని ఆ చూపుకు అర్థం.

ఇంకో రెండు చోట్ల కూడా తిన్నాం. ఒకచోట పిజ్జా బాగుందని నేను సంబరపడితే తాతా మనవరాలూ ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. అప్పటికి వాళ్లిద్దరూ ఒక జట్టు, నేను వాళ్ల సంచులు మోసే మనిషిని.

నాలుగో రోజు, దారి తప్పి ఒక సందులోకి పోయాం. సాయంత్రం నాలుగు దాటింది. ఒక హోటల్ వెనుకవైపు తలుపు బార్లా తీసి ఉంది. లోపల పొడుగాటి బల్ల చుట్టూ పదిమంది దాకా పనివాళ్లు కూర్చుని తింటున్నారు. అన్నం, ఏదో పప్పు. నెరిసిన జుట్టున్న ఒకామె ఏప్రాన్ కట్టుకుని, అందరికీ వడ్డించి చివర్న తన ప్లేటు పెట్టుకుంది. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు.

మామ అక్కడే ఆగిపోయాడు. "ఇదే" అన్నాడు.

"ఇంకా తినలేదు గద మామా" అన్నాను.

"వండేటోళ్లు కూసోని తింటున్రు. ఇంకేం సూడాలె?"

మౌనిక మాత్రం ఒప్పుకోలేదు. "తినకుంట నేను చెప్ప తాతా" అన్నది. హోటల్ మళ్లీ తెరిచేదాకా వీధిలో నిలబడి, ముందు తలుపు నుంచి పోయాం. టమాటా, వెల్లుల్లి, నూనె తప్ప ఇంకేమీ లేని పాస్తా ఒకటి తెప్పించుకుంది. ఏమీ లేనిదే అసలు పరీక్ష అని చెప్పింది. ఒక ముద్ద తిని ఆగింది. తర్వాత మమ్మల్ని మరచిపోయి ప్లేటు ఖాళీ చేసింది. మూడు నెలల తర్వాత నా బిడ్డ ఆకలిగా తినడం చూశాను. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ నెరిసిన జుట్టామె బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెదే హోటల్, ఆమే పెద్ద వంటమనిషి. బాగుందా అని హిందీలో అడిగింది. మాటల్లో మంగళూరు వైపు మనిషని తెలియగానే మామ ముఖం వికసించింది. తాండూరు నుంచి కాస్త దూరం పోతే కర్ణాటకే, ఆయన సగం జీవితం కన్నడవాళ్లతో కలిసి పనిచేశాడు. "ఊట ఆయ్తా?" అని ఆమెనే తిరిగి అడిగాడు, భోజనం అయిందా అని. ఆమె తినిందని తెలిసీ అడిగాడు. ఆమె నవ్వి కుర్చీ లాక్కుని కూర్చుంది. పావుగంట కన్నడం నడిచింది. నా చెవికి చిక్కినవి రెండు మాటలు, ‘బండె’, ‘మొమ్మగళు’. రెండోది మనవరాలు అని తర్వాత మామ చెప్పాడు.

చివరికి ఆమె మౌనికతో అన్నది ఇంతే. "రేపు వచ్చి ఒకరోజు చెయ్యి. నీకు నచ్చింది వండు. తర్వాత చూద్దాం."

మర్నాడు పొద్దున ఆ పిల్ల తలుపు ముందు ఆగింది. "తాతా, మళ్ల పారేస్తె?" అన్నది.

"పారెయ్యనీ. నేను పరిచిన బండ ఎన్నిసార్లో పీకిచ్చిన్రు. పీకినోడు ఎందుకు పీకిండో చెప్తె మంచోడు. చెప్పకపోతె మనం ఎల్లిపోవాలె, గంతే."

ఆమె లోపలికి పోయింది. మామా నేనూ రోడ్డుకు అటువైపు అరుగు మీద కూర్చున్నాం. మిగిలిన రొట్టెలు తిన్నాం. నేను ప్రార్థన చేసుకున్నాను, ఆపి వాచీ చూసుకున్నాను, మళ్లీ చేసుకున్నాను. ఆయన మాత్రం కాలిబాట మీద వేసిన రాళ్ల తప్పులు నాకు ఒక్కొక్కటీ చూపిస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటింది. మూడయింది. అప్పుడు తలుపు తెరుచుకుని మౌనిక బయటికి వచ్చింది. నుదుటి మీద పిండి అంటుకుని ఉంది. రోడ్డు దాటి వచ్చి, మా ఇద్దరి మధ్య కూర్చుంది.

"ఉప్పు ఎక్కువైందన్నరమ్మా. ఎందుకు ఎక్కువైందో పక్కన నిలబడి చూపిచ్చిన్రు. సోమవారం నుంచి రమ్మన్నరు."

గుండెల మీద నుంచి పెద్ద బండ దించినట్టయింది. ఆయన పని చూసి ఎరిగినదాన్ని కాబట్టి ఆ మాట రాస్తున్నాను, బండ దించాక మోసినవాళ్ల చేతులు ఎంతసేపు తేలిగ్గా గాలిలో ఉంటాయో నాకు తెలుసు. మామ నా వీపు తట్టి, "ఇగ ఫికర్ లేదు. ఇంటికి ఫోన్ కొట్టు" అన్నాడు. మా ఆయన అంతా విని, "తిన్నదా?" అని అడిగాడు. తిన్నదన్నాను. నవాబుపేట సంబంధం మాట మళ్లీ ఎత్తలేదు. కందిపప్పు సంచీ ఆ హోటలామెకు చేరింది.

మౌనిక ఇప్పటికీ అక్కడే ఉంది. ఆమె కింద ఇప్పుడు నలుగురు పనిచేస్తారు. నాలుగింటికి అందరూ కూర్చుని తింటారట. మామ మంచం పట్టాక సెలవు మీద వచ్చి, ఆయన కోసం పాస్తా మెత్తగా, గట్క కన్నా మెత్తగా ఉడకబెట్టి తినిపించింది. తన విద్యకు అది తప్పు. ఆయన నమిలి, ఆగి, ఊపిరి తీసుకుని, "గిప్పుడు ఉడికింది" అన్నాడు. అందరం నవ్వాం. నేను ‘వంటే గద’ అన్న మాటకు ఆయన దగ్గర క్షమాపణ అడగాలని చాన్నాళ్లు అనుకున్నాను. ఆ రోజు అడిగాను కూడా. "పిల్లను అడుగు" అన్నాడు. అడిగాను. మౌనిక గిన్నె కడుగుతూనే, "ఎప్పుడో మరిచిన అమ్మా" అన్నది. ఆ బరువు కూడా తీరింది.

ఆయన పోయాక, మందుల వాసన వేసే ఆ చివరి నెలల కన్నా నాకు ఎక్కువ గుర్తొస్తున్నది బొంబాయిలో ఆ చివరి సాయంత్రం. రైలుకు ఇంకా టైముంది. పన్నెండేళ్లు ఈ ఊళ్లో ఉండి ఒక్కసారీ సముద్రంలో కాలు పెట్టలేదని, పని వదిలేసరికి ఒంట్లో ఓపిక ఉండేది కాదని మామ అన్నాడు. మౌనిక మమ్మల్ని ఒడ్డుకు తీసుకుపోయింది. ఆయన చెప్పులు నా చేతికిచ్చి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మెల్లగా నీళ్లలోకి నడిచాడు. అల వచ్చి మోకాళ్లు తడిపింది. ఇంకో రెండడుగులు వేశాడు. తెల్ల చొక్కా గాలికి ఉబ్బింది. రైలు టైమవుతుందని మౌనిక పిలిచింది. ఆయన వెనక్కి తిరగలేదు. కుడిచెయ్యి మాత్రం పైకెత్తి, ఇంకొంచెం సేపు, అన్నట్టు వేళ్లు కదిపాడు.