గుడిసె మీదికి పోయిన ఫ్లెక్సీ

చెరుకు కొట్టడానికి వలసపోయేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా బడిలోనే తిండి, పడక ఏర్పాటు చేస్తున్నామని సర్కారు ప్రచారం మొదలుపెట్టింది. మా నారాయణఖేడ్ బస్టాండు చుట్టూ ఫ్లెక్సీలు వెలిశాయి. మా నాన్న వాటిని చూసి, "గీ బొమ్మలకు పెట్టే పైసలు పిల్లల కంచంల పెడితె ఒడుస్తది గదా" అన్నాడు. ఆ రోజు డైరీలో నేనూ అదే రాసుకున్నాను.

దసరా అయిన వారానికి, మా పక్కింట్లో అద్దెకుండే పెద్ద టీచరమ్మ నన్ను తోడు రమ్మంది. నాగల్‌గిద్ద దాటాక ఒక ఊళ్లో ఆమె బడి. బడిలో ఉండిపోయే పిల్లల పేర్లు రాసుకోవడానికి మంచి చేతిరాత కావాలట. నలుగురిలో మాట్లాడమంటే నాకు వణుకు గానీ రాయమంటే భయం లేదు. వెళ్లాను.

ఆటో దిగేసరికి బడి గోడకు కట్టిన ఫ్లెక్సీ లేదు, తాళ్లు వేలాడుతున్నాయి. రెండిళ్ల అవతల ఒకామె దాన్ని వాకిట్లో పరిచి మడతపెడుతోంది. పక్కన గిన్నెలు, జొన్నపిండి మూట, కొడవళ్లు. ఎల్లుండే లారీ. చెరుకు తోటల దగ్గర వేసుకునే గుడిసెకు ఫ్లెక్సీని మించిన కప్పు లేదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. బట్టల మూట మీద ఆమె తొమ్మిదేళ్ల కూతురు కూర్చుంది. తల్లితో తనూ పోతోంది.

మమ్మల్ని చూసి ఆమె గబుక్కున లేచింది. "ఏమనకు మేడమ్. ఎండల ఊకె ఎండుతున్నదని తెచ్చిన."

"ఏం, దానికి దూపయితున్నదా, నీళ్లడిగిందా?" టీచరమ్మ నవ్వింది. "తీస్కపో. గని ఏం రాసిండ్రో ఇని తీస్కపో." నా వైపు తిరిగి, "సదువు బిడ్డా" అంది.

"కాలానుగుణ వలస కుటుంబాల బాలబాలికలకు వసతి కల్పించబడును" అని చదివాను. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. చదవడం ఆపేసి నేల చూస్తూ చెప్పాను. "నువ్వొచ్చేదాక నీ బిడ్డ ఈడనే ఉంటది అక్కా. ఈడనే తింటది, ఈడనే పండుకుంటది."

"రాత్రి జరమొస్తే?"

టీచరమ్మ వెళ్లి ఆమె పక్కన నేల మీదే కూర్చుంది.

"నేను గూడ ఈడనే పండుకుంట. ఖేడ్‌ల రూము ఖాళీ జేస్తున్న."

ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

ఆమె కూతుర్ని లేపి, మూట విప్పి, పిల్ల బట్టలు వేరుచేసింది. "నా దుప్పటి గూడ తియ్యి" అంది పిల్ల. నేను రాసిన మొదటి పేరు ఆ పిల్లదే. ఫ్లెక్సీ మాత్రం లారీ ఎక్కింది.

చలికాలంలో ఒకరోజు నేను బడికి వెళ్లినప్పుడు ఆ తల్లి ఫోన్ చేసింది. టీచరమ్మ స్పీకర్ పెట్టింది.

"బొమ్మల దిక్కు లోపలికి పెట్టి కప్పినం మేడమ్. ఎల్లకిల పండుకుంటే బడి పిల్లలే కనవడుతరు. పక్క గుడిసెల మన మనూర్ దిక్కోళ్లు ఏం రాసుందని అడిగిండ్రు. గా ఫ్లెక్సీ సదివిన పిల్ల సెప్పినట్టే సెప్పిన. ఆళ్ల పిల్లలిద్దర్ని గూడ పంపుతరట. జాగ ఉన్నదా?"

"ఉన్నది. జల్దీ పంపుమను."

మా నాన్న తప్పుపట్టిన ఆ బొమ్మల ఖర్చు చెరుకు తోట దాకా వెళ్లి పనిచేస్తుందని నేను అనుకోలేదు. డైరీలో ఆ పాత పేజీ కింద ఇదంతా రాయాలి అనుకుంటుండగానే, పక్కన నిలబడ్డ పిల్ల ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నాకు ఇంకా జరం రాలె."