ఈశ్వరి గారు దిగని సముద్రం

ఎండలో పెట్టిన నా కారు తలుపు తీయగానే కొబ్బరి వాసన గుప్పుమంది. పారమట్టాలో మా ఆఫీసు పార్కింగ్‌లో శీతాకాలపు ఎండ ఏపాటిది, అయినా అద్దాలు మూసి ఉంటే చాలు, వెనక సీటు కింద పడి ఉన్న మైనం ముక్క మెత్తబడిపోతుంది. సర్ఫింగ్ బోర్డు మీద కాళ్ళు జారకుండా రుద్దే మైనం అది. దానికి కొబ్బరి వాసన ఎందుకు కలుపుతారో నాకిప్పటికీ తెలియదు. మా అమ్మ ఈ కారెక్కితే తలనూనె సీసా ఒలికిందనుకుని సీట్లు కడిగిస్తుంది. నాకు మాత్రం ఈశ్వరి గారు వెనక కూర్చున్నట్టుంటుంది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఈ ఊళ్ళో ఆమె గురించి మాట్లాడుకుందామంటే మనిషి దొరకడం లేదు. తెలుగువాళ్ళలో చాలామందికి ఆమె 'సముద్రం పిచ్చి ఆంటీ', అంతకు మించి తెలియదు. అందుకే ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళకు చెప్పుకుంటున్నాను.

ఆమెది ప్రొద్దుటూరు. పారమట్టాలో నేను చేరిన ఫైనాన్సు విభాగానికి ఆమే పెద్ద. భర్త పోయాక, యాభై దాటిన వయసులో సర్ఫింగ్ మొదలుపెట్టారు. స్కోఫీల్డ్స్‌లో నాలుగు పడగ్గదుల ఇల్లు, అందులో ఆమె ఒక్కరే. కూతురు పెర్త్‌లో ఉండేది. గరాజులో బియ్యం బస్తాకూ వెట్ గ్రైండరుకూ మధ్య బోర్డు నిలబెట్టి ఉండేది. అక్కడినుంచి సముద్రానికి గంట దాటిన ప్రయాణం. శనివారం పొద్దున్నే కారు మీద బోర్డు కట్టుకుని వీధి దాటుతుంటే, పూలు కోసుకునే ఆడవాళ్ళు చూసి నవ్వుకునేవారట. ఒక పుట్టినరోజు విందులో ఒకావిడ ఉండబట్టలేక అడిగేసింది, ఈ వయసులో మీకిదేం సరదా ఆంటీ అని. ఈశ్వరి గారు గారె నములుతూ తాపీగా జవాబిచ్చారు. "చిన్నప్పుడే దిగుదామంటే మా ప్రొద్దుటూర్లో సముద్రం ఉంటే కదమ్మా." నాకు ఆమె మీద ఇష్టం మొదలైంది ఆ మాటతోనే.

అప్పటికి నా విడాకులు అయిపోయి కొన్ని నెలలు. వెస్ట్‌మీడ్‌లో ఒక గది ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాను. శుక్రవారం సాయంత్రం తలుపు వేసుకుంటే సోమవారం పొద్దున దాకా ఎవరితోనూ మాట ఉండేది కాదు. తెలుగువాళ్ళ ఇళ్ళకు పోతే ముందు మంచినీళ్ళిచ్చేవారు, ఆ వెంటనే 'మీవారు రాలేదా' అనేవారు. దానికన్నా ఫ్లాటే నయం. ఒక సోమవారం ఆఫీసులో గుడ్ మార్నింగ్ చెప్పబోతే నా గొంతు పెగల్లేదు, గరగరమని ఏదో శబ్దం వచ్చింది. ఈశ్వరి గారు కంప్యూటరు మీంచి తలెత్తి చూశారు.

"పాపా, శనాదివారాలు ఎవురితోనూ మాట్లాడవా?"

"అదేం లేదు మేడమ్, వీకెండ్ బాగా రెస్ట్ తీసుకున్నానండీ."

"గొంతు యేరే చెప్తాంది. శనివారం పొద్దున వచ్చి ఎక్కించుకుంటా. టవలు తెచ్చుకో."

అంతే. పెళ్ళి సంగతి అప్పుడు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. అడగకపోవడం కూడా మర్యాదేనని ఆమెను చూసే తెలుసుకున్నాను.

నారబీన్ బీచిలో ఆమె నన్ను తిన్నగా నీళ్ళలోకి తీసుకుపోలేదు. ఇసుకలో కూర్చోబెట్టారు. ఆమెకొక పద్ధతి ఉంది. దిగేముందు ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని సముద్రాన్ని చూడాలి. నీళ్ళు ఒడ్డునుంచి వెనక్కి లాగేది ఎక్కడో ఎవరికి వాళ్ళు కనిపెట్టాలి. ఒకరికొకరు చెప్పుకోకూడదు. ఆనక ఇద్దరూ ఒక్కసారే వేలు చూపించాలి. రెండు వేళ్ళూ ఒకే చోటుకు పోతే ఆ చోటు తప్పించి దిగడం, లేకపోతే మళ్ళీ చూడటం. మాది పాలకొల్లు. సముద్రం దగ్గరే అయినా, పాదాలు తడవగానే రెక్క పట్టుకుని వెనక్కి లాక్కొచ్చే పెద్దవాళ్ళ మధ్య పెరిగిన దాన్ని. అలలు లేకుండా నున్నగా ఉన్న చోటు చూపించి, అక్కడ దిగుదామండీ అన్నాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వారు.

"లాగేది ఆడనే పాపా. అల ఇరగకుండా నిమ్మళంగా ఉండాదే, ఆ దారినే నీళ్ళన్నీ ఎనక్కి పోతాండాయి. ఇంకాసేపు చూడు."

నేను రాకముందు మరి రెండో వేలు ఎవరిదని అడిగాను. ఎవరుంటే వాళ్ళదే అన్నారు. కుక్కను తిప్పే ముసలాయన, పిల్లాడికి టోపీ పెడుతున్న తల్లి, ఎవరినైనా సరే పక్కన కూర్చోబెట్టుకుని అడిగేసేవారట. ఆ అడగడం ఒకసారి నేనే చూశాను. నాకు జలుబు చేసి కారులో ఉండిపోయిన రోజున ఆమె ఎవరో పొడుగాటి మనిషి దగ్గరికి పోయి, "మేట్, వేర్ ఈజ్ ద వాటర్ గోయింగ్?" అని ప్రొద్దుటూరు యాసలోనే ఇంగ్లీషు మాట్లాడుతుంటే నాకు సిగ్గేసింది. ఆ మనిషికి మాత్రం వేయలేదు. ఇద్దరూ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, ఒకేసారి వేళ్ళు చాపారు. ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు, ఈవిడ బోర్డెత్తుకున్నారు.

నీళ్ళలోంచి వచ్చాక కారు డిక్కీ మీద డబ్బా తెరిచి ఉగ్గాని తినేవాళ్ళం. చలికి వేళ్ళు కొంకర్లు పోయి బొరుగులు సగం కింద పడేవి. నేను బోర్డు మీద మొదటిసారి లేచి నిలబడ్డ రోజున ఆమె తన డబ్బాలోని బజ్జీ తీసి నా డబ్బాలో వేశారు. సోమవారాల్లో నా గొంతు బాగుపడింది.

ఎరిసేయిరా సంగతి ఒక శుక్రవారం మధ్యాహ్నం మొదలైంది. ఆఫీసు వంటగదిలో అన్నం తింటూ ఆమె ఫోను నా వైపు తిప్పారు. పోర్చుగల్‌లో చిన్న ఊరు. తెల్లగోడలకు నీలం అంచులు, కొండ కొమ్మున ఇళ్ళు, కింద సముద్రం. "ఈడికి పోదాం పాపా, ఇద్దరం" అన్నారు. అక్కడినుంచి ప్రతి శుక్రవారం అదే పని. ఆమె రెండు వేళ్ళతో మ్యాపు సాగదీసి వీధులన్నీ తిరిగొచ్చేవారు. సరిగ్గా ఒక చిన్న బీచి మీద, మెట్లు దిగితే ఇసుక తగిలే ఇల్లు వెతికి పట్టారు. సెప్టెంబరులో అక్కడ వేసవి జనం తగ్గుతారని, అలలు పెరుగుతాయని లెక్క తేల్చారు. కందిపొడి ఎవరు తేవాలి, నెయ్యి విమానంలో రానిస్తారా లేదా అని ఒక శుక్రవారమంతా వాదించుకున్నాం. ఎదురుచూడటానికి ఏదైనా ఉంటే మనిషికి ఎంత సంతోషమో నాకు ఆ రోజుల్లో తెలిసింది. రైల్లో నిలబడి నాలో నేను నవ్వుకునేదాన్ని.

ఆమె టికెట్ కొనేశారు. నేను కొనబోయే ముందు పాస్‌పోర్టు తీస్తే దాని మీద నాలుగు సింహాలు నన్ను చూశాయి. ఆమె ఎప్పుడో ఇక్కడి పౌరురాలయ్యారు, వీసా అనే మాటే ఆమె జీవితంలోంచి పోయింది. నాది ఇంకా మన దేశపు పాస్‌పోర్టు, యూరపుకు వీసా లేనిదే కదలదు. నెలల తరబడి మ్యాపులు చూశాం, నెయ్యి గురించి కొట్టుకున్నాం, ఈ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అపాయింట్‌మెంట్ కోసం చూస్తే మా ప్రయాణం తేదీ దాటాక గాని ఖాళీ లేదు.

"మర్చేపోతి పాపా" అని ఆమె తల పట్టుకున్నారు. "నీకు వీసా కావాలనేదే మర్చేపోతి."

"పర్వాలేదండీ, మీరు వెళ్ళి రండి" అన్నాను. వద్దులే, మానేద్దాం అంటారని ఎదురుచూశాను. ఆమె ఆలోచించి మర్నాడు చెప్పారు, పోతానని. నా మనసు చివుక్కుమంది. ఆమె విమానమెక్కిన వారం నేను మళ్ళీ తలుపేసుకుని కూర్చున్నాను. ఆ మనిషికి ఒంటరిగా ఉండే విద్య ఏదో పట్టుబడింది, నాకే రాలేదు అని ఉడుక్కున్నాను. ఉడుక్కుంటూనే, ఎప్పటికో ఒకప్పుడు నేనూ ఆమెలా అవుతాననే ఆశతో రోజులు గడిపాను.

తిరిగొచ్చాక స్కోఫీల్డ్స్ ఇంటికి వెళ్ళాను. టీ కప్పులు పెట్టి ఎదురుగా కూర్చున్నారు. అలలు ఎలా ఉన్నాయండీ అని అడిగాను.

"దిగల్యా."

"ఒక్కరోజు కూడానా?"

"ఒక్క దినం కూడా. మెట్లు దిగితే ఇసుక అనుకుంటిమే, ఇసుకే ల్యా. నీళ్ళొచ్చి కొండను కొడతాండాయి. ఆటుపోట్లకు ఈడ సముద్రం మనిషెత్తు ఎక్కి దిగుతాది. ఆడ దానికి రెండింతలు. మనకు ఆ లెక్కే తట్టల్యా. పక్క బీచిలకు నడిస్తి. కూసుంటి, చూస్తి. ఇదే దారి అనుకుంటి, కాదేమో అనుకుంటి. రెండో వేలు ల్యాకపాయ."

"ఎవరినైనా అడగాల్సింది కదండీ. మీరు అడగలేకపోవడమేంటి?"

ఆమె కప్పు పక్కకు జరిపారు. "అడగాలనే పోతి. అందరూ ఇద్దరిద్దరు, నలుగురు నలుగురు. ఒకామె దగ్గర దాకా పోయి నిలబడితి కూడా. నోరు రాల్యా పాపా. నువ్వొచ్చినాక ఆ అలవాటు తప్పిపాయ."

ఆమె కిటికీలోంచి చూస్తూ ఇంకో మాట అన్నారు. "ఒంటరిగా ఉండేది నాకు బాగా వచ్చని అనుకుంటాండావు నువ్వు. రాదు. ఈ ఇంట్లో ఉండే ఒంటరితనమే నాతో విమానమెక్కె, నాతోనే తిరుక్కొని వచ్చె. అయినా పోయినందుకు బాధ ల్యా. మళ్ళా పోదాం, ఈసారి ఇద్దరం."

బస్సులో ఇంటికొస్తూ భయపడ్డాను. నేను ఆనుకున్న గోడ గోడే కాదని తెలిసినట్టయింది. ఇల్లు చేరేసరికి భయం తగ్గి, ఆమె మీద ఎన్నడూ లేనంత దగ్గరితనం కలిగింది.

ఇద్దరం పోలేదు. మరుసటి శీతాకాలం మొదట్లో ఆమెకు జబ్బు బయటపడింది. వెస్ట్‌మీడ్ ఆసుపత్రి నా ఫ్లాటుకు దగ్గరే, ఆఫీసు కాగానే నడిచి వెళ్ళేదాన్ని. పెర్త్ నుంచి వచ్చిన కూతురు తల్లి తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెబుతూ, కాళ్ళు పడుతూ కూర్చునేది. ఈశ్వరి గారు ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఇంకా ఆ ఊరి మ్యాపే చూసేవారు. "ఇల్లు పైన ఊర్లో తీసుకో పాపా. మెట్ల మీద ఆశ పెట్టుకోవద్దు" అన్నారు. తీసుకుందాం అనలేదు. అది నేను గమనించాను, ఆమెకూ తెలుసు. చలి పోకముందే ఆమె పోయారు.

ఈ ఏడు నాకు వీసా వచ్చింది. సెలవు కూడా ఇచ్చారు. కానీ నారబీన్‌కు ఒక్కదాన్నే వెళ్ళడం మొదలుపెట్టాక నాకొక సంగతి అర్థమైంది. ఇసుకలో కూర్చుంటాను, చూస్తాను, ఇదే దారి అనుకుంటాను. వేలు లేవదు. పక్కనుంచి జనం పోతూనే ఉంటారు, నా నోరు పెగలదు. బోర్డు తడవకుండానే ఎన్ని శనివారాలు ఇంటికి తెచ్చుకున్నానో. ఇక్కడే అడగలేనిదాన్ని అక్కడికి పోయి ఏం చేస్తాను? టికెట్ కొనకుండా వారాలు సాగదీశాను.

మొన్న సాయంత్రం, అక్కడ పొద్దుపొడిచి పనులు మొదలయ్యే వేళకు, ఎరిసేయిరాలో పైన ఊళ్ళో నేను చూసుకున్న ఇంటి యజమానురాలికి ఫోను చేశాను. పెద్దావిడ గొంతు. ఆమె ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ కుంటుతూనే నడిచాయి. వేడినీళ్ళు వస్తాయా, బస్సు ఎక్కడ ఆగుతుంది అన్నీ అడిగాను. ఎంతమంది వస్తున్నారని ఆమె అడిగింది. ఒక్కదాన్నే అన్నాను. ఇక ఫోను పెట్టేయాలి. పెట్టకుండా, తడబడుతూ అడిగేశాను. "పొద్దున నేను సముద్రంలో దిగేముందు, నా పక్కన కూర్చుని కాసేపు నీళ్ళు చూసేవాళ్ళు ఎవరైనా దొరుకుతారా?"

పిచ్చిదాన్ననుకుందేమో అని చెవులు వేడెక్కాయి.

"ఎన్నింటికి?" అంది.

"ఏడింటికి."

"ఏడింటికి నాకు చలి. ఎనిమిదింటికైతే నేనే వస్తాను."

ఫోను పెట్టేసి వంటగదిలో నిలబడి ఏడ్చాను. ఈశ్వరి గారు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఎనిమిదింటికైతే వచ్చేవాళ్ళు ఆ ఊళ్ళో అప్పుడూ ఉండే ఉంటారు. ఈశ్వరి గారు ఆ గుమ్మాల ముందు నుంచే రోజూ నడిచి, నోరు రాక, తిరిగొచ్చేశారు. మర్నాడు పొద్దున టికెట్ కొన్నాను. ఎవరినైనా సరే అడగొచ్చని నాకు చూపించింది ఆమే. నేను తోడు దొరికాక ఆమె అడగడం మానేశారు. ఇప్పుడు ఆ అలవాటు నా దగ్గరికి వచ్చింది, ఆమె లేరు.