ముప్పై ఒకటి నుంచి ముప్పై మూడు దాకా

ఈ ఏడు జనవరి ఒకటి నుంచి ఇవాళ్టి దాకా పదకొండు పుస్తకాలు పూర్తిచేశాను. ఏడు చదివినవి, నాలుగు విన్నవి. నోటుపుస్తకంలో రెంటికీ వేరువేరు వరుసలు గీసుకున్నాను. విన్న పుస్తకాన్ని చదివినట్టు రాసుకోవచ్చా అన్నది నాకింకా తేలలేదు.

చదివినవాటిలో పెద్దది నాలుగు వందల పన్నెండు పేజీల నవల, మూడు తరాల కుటుంబం కథ. రాసినాయన మనుషుల్ని బాగా చూసినవాడు. కోపం వచ్చినప్పుడు అత్తగారు గిన్నెలు మరీ మెల్లగా కింద పెడుతుందని ఒకచోట రాశాడు. పుస్తకం మూసి నవ్వుకున్నాను, మా అత్తగారూ అంతే. కానీ ఆయనకు నెలలు లెక్కపెట్టడం రాదు. మామిడి పూత రోజుల్లో నెల తప్పిన కోడలు మరుసటేడు పిందెలు పడ్డాక కంటుంది. వేళ్ల మీద రెండుసార్లు లెక్కవేశాను. ఎటు చూసినా పదమూడు నెలలు. ఆ పేజీ అంచున పెన్సిలుతో రాసిపెట్టి, తర్వాతి అధ్యాయానికి వెళ్లాను.

చిన్నది తొంభై ఆరు పేజీలు. కంబం లోయలో ద్రాక్షతోట పెట్టిన ఒక రైతు తమిళంలో రాసుకున్నది. కొమ్మలు కత్తిరించిన రోజు, మందు కొట్టిన రోజు, మొదటి గుత్తి కోసిన రోజు, అన్నీ తేదీలతో ఉన్నాయి. ఇలాంటి మనిషిని నేను మొదటి పేజీలోనే నమ్ముతాను. కొన్ని పేజీలు మా వదినకు చదివి వినిపించాను. వదిన అంటే మా ఆయన అక్క. ఎనభై మూడేళ్లు. రెండు వీధుల అవతల ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి మా ఇంటికి వస్తుంది. బడి మొహం చూడలేదు. నేను చదివినంతసేపూ విని, చివర ఒక్కటే అడిగింది.

"కోసింది ఎవురు అమ్మిణీ?"

"గుత్తులా? అది రాయలేదు వదినా."

"కత్తెర దానంతట అదే లేసి కోసిందా? తొంభై పేజీల్లో ఒక కూలిమనిషి కూడా లేదే!"

మళ్లీ మొదటి నుంచి వెతికాను. లేదు. నేను చూడనిది వినేమనిషి పట్టుకుంది.

విన్న పుస్తకాల్లో నాకు బాగా నచ్చింది, ఓడలో ముప్పై ఏళ్లు వంట చేసిన ఒకాయన స్వీయకథ. అలలకు పులుసు ఒలికిపోకుండా కుండను ఎలా కట్టేవాళ్లో వివరంగా చెప్పాడు. అంతకంటే నా చెవి చదివే మనిషి గొంతు మీద నిలిచింది. తొమ్మిదో అధ్యాయంలో అతనికి జలుబు పట్టింది. పదిలో ముదిరింది, పన్నెండు మొదట్లో తగ్గింది. అంటే ఆ మూడు అధ్యాయాలు చదవడానికి అతనికి ఎన్ని రోజులు పట్టి ఉంటుంది? రోజుకు ఒకటా? మధ్యలో కషాయం ఎవరు పెట్టిచ్చారు? అచ్చు పుస్తకంలో ఇవేవీ తెలియవు కదా.

ఇక విన్నవాటిలో నాలుగోది. దాన్ని గురించి రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను.

నలభై ఏడేళ్ల కిందట నేనూ వదినా కోయంబత్తూరులో ఒకే నూలుమిల్లులో, దారం చుట్టే రీలింగ్ విభాగంలో పనిచేసేవాళ్లం. నాకు ఇరవై తొమ్మిది, ఆమెకు ముప్పై ఆరు. మధ్యాహ్నం సంగు, అంటే మిల్లు సైరను, ఊదగానే అన్నం తూక్కుగిన్నెలు పట్టుకుని భోజనాల షెడ్డుకు వెళ్లేవాళ్లం. మా మూల కూర్చునేవాళ్లు తొమ్మిదిమంది, అందరూ తెలుగు ఇళ్ల ఆడవాళ్లే. చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, అదీ తమిళం. తెలుగు అక్షరాలు నేను యాభై రెండో ఏట నేర్చుకున్నాను. వారపత్రికలో వచ్చే సీరియల్‌ను తమిళంలో చూస్తూ నోటితో తెలుగులో చెప్పేదాన్ని. తమిళం వాళ్లందరికీ వచ్చు. అయినా తెలుగులో చెబితే అదంతా మా మిల్లు లైన్ ఇళ్లలోనే జరిగినట్టు ఉంటుందని వదిన అనేది. నేను చెప్పేదానికీ పత్రికలో ఉన్నదానికీ తేడా ఉంటే పట్టుకోగలవాళ్లు అక్కడెవరూ లేరు. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

ఆ సీరియల్ నలభై ఎనిమిది వారాలు వచ్చింది. కొండమీద టీతోటల నడుమ ఒక చిన్న తపాలా ఆఫీసు, అందులో పనిచేసే పెళ్లికాని అమ్మాయి. ముప్పయ్యో అధ్యాయం చివర ఆమె సెలవు పెట్టి, కొండ దిగే బస్సు ఎక్కింది. ఆ శనివారమే మా మిల్లు మూతపడింది. మళ్లీ తెరవడానికి మూడు వారాలు పట్టింది. నేను ఉడుమలైపేట దగ్గర మా అమ్మగారి కొబ్బరితోటకు వెళ్లాను, వదిన ద్రాక్షకోతలకు కంబం వెళ్లింది. తక్కినవాళ్లూ చెల్లాచెదురయ్యారు. మా అమ్మగారి ఊరికి ఆ పత్రిక రాదు. తిరిగి వచ్చేసరికి చేతికందింది ముప్పై నాలుగో అధ్యాయం. అందులో ఆ అమ్మాయి తపాలా ఆఫీసులో ఉంది. ఎడమ చేతికి కట్టు ఉంది. మూలన తనది కాని గొడుగు ఒకటి ఉంది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత పద్నాలుగు వారాల్లోనూ చెప్పలేదు.

షెడ్డులో మొదటిరోజే ఒకామె అడిగింది, మధ్యలో మూడు వారాలూ ఏమైందని. నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది.

"అది చదవకుండా విడుస్తాదా? పేజీ పోతే అన్నం దిగదు దానికి. చెప్పు అమ్మిణీ."

ఎనిమిది మొహాలు నా వైపు తిరిగాయి. మూడు వారాలు మిల్లు పని లేక, ఎండన పడి నల్లబడి వచ్చిన మొహాలు. చదవలేదు అన్న ఒక్క మాట నా నోట రాలేదు. "చదివినాను, రేపు చెబుతాను" అన్నాను.

ఆ మర్నాటి నుంచి మూడు మధ్యాహ్నాలు నా తలలోంచి చెప్పాను. మా అమ్మగారి ఊరి దారిలో రోజూ చూసిన పత్తి గింజ తీసే ఒక చిన్న జిన్నింగ్ మిల్లును అందులో పెట్టాను. బస్సు చెడిపోయి ఆ మిల్లు ముందర ఆగింది. లోపల పనిచేసే ఒక పిల్ల చీరకొంగు మిషను బెల్టులో చిక్కుకుంది. తపాలా అమ్మాయి చెయ్యి పెట్టి లాగింది, పిల్ల బతికింది, ఈమె చెయ్యి నలిగింది. తప్పు పిల్లదేనని రాసిన కాగితం మీద మిల్లువాళ్లు సాక్షి సంతకం పెట్టమంటే మాత్రం ఈమె పెట్టలేదు. గొడుగు ఆ పిల్ల తల్లి ఇచ్చింది. మూడోరోజు సాయంత్రం నోటుపుస్తకంలో ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు పక్కన, చదివినట్టు టిక్కు పెట్టాను. నా నోటుపుస్తకాల్లో తెలిసి పెట్టిన తప్పు అదొక్కటే.

అంతటితో పోయి ఉంటే ఇంత బెంగ ఉండేది కాదు. రెండేళ్ల తర్వాత మా విభాగంలో నిజంగానే ఒక పిల్ల వేళ్లు రెండు బెల్టులో పడ్డాయి. పిల్ల కబుర్లాడుతూ చెయ్యి పెట్టిందని మేస్త్రీ కాగితం రాయించి, షిఫ్టులో ఉన్న మా అందరినీ వరుసలో నిలబెట్టాడు. నేను సంతకం పెట్టాను. నా వెనక వదిన. వేలిముద్ర వేయనంది.

"నేను చూసినాను. ఆ పిల్ల నోరు తెరవలేదు. బెల్టు మీద మూత లేదు, అది రాయండి."

పదకొండు రోజులు పనిలోకి రానివ్వలేదు. ఇంట్లో అందరూ తిట్టారు. "తపాలాఫీసు అమ్మాయి పెట్టలేదు గదా, నేనెందుకు పెట్టాల?" అని నాతో మాత్రం అంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

ఆ నవల పుస్తకంగా వచ్చిందని తర్వాత విన్నాను. మదురై పుదుమండపంలో పాత పుస్తకాల అంగళ్లు మూడుసార్లు తిరిగాను, దొరకలేదు. ఈ ఏడు మార్చిలో, ఫోనులో వినే పుస్తకాల జాబితా చూస్తుంటే ఆ పేరు కనిపించింది. పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఒంటరిగా వినేద్దామని అనుకుంటుండగానే మూడు కొట్టింది, వదిన వచ్చింది.

"ఏంది అంతసేపు చూస్తా ఉండావు?"

పేరు చెప్పాను. ఆమె చెప్పులు కూడా విప్పలేదు. "పెట్టు" అంది.

రోజుకు రెండు అధ్యాయాలు. శబ్దం పెరగడానికి ఫోనును స్టీలు లోటాలో నిలబెట్టేవాళ్లం. చదివేది ఒక మగమనిషి, తొందరలేని గొంతు. నేను తెలుగులో చెప్పినప్పుడు ఎక్కడెక్కడ కుదించానో ఇప్పుడు నాకు తెలుస్తోంది. కొండ మీది మంచు గురించి ఆయన నాలుగు నిమిషాలు చదివింది, నేను ఒక్క మాటలో దాటేశాను. పదిహేనో రోజు ముప్పయ్యో అధ్యాయం ముగిసింది. బస్సు కదిలింది.

"రేపు బెల్టు కథ" అంది వదిన, చీర సర్దుకుని లేస్తూ. "నేను ముందరే వస్తా."

ఆమె వెళ్లాక ఫోను చేతిలోకి తీసుకున్నాను. అధ్యాయాల పట్టీలో ముప్పై నాలుగు మీద వేలు పెడితే చాలు, నేరుగా అక్కడికి పోతుంది. వదినకు అంకెలు కనిపించవు. బెల్టు కథ ఏదని అడిగితే, ఇందులో కుదించారని చెప్పవచ్చు. అలా చేస్తే ఆ చేతికి ఏమైందో నాకూ తెలియదు. వదిన దగ్గర పట్టుబడతానన్న భయం ఎంత ఉందో, ఆ కట్టు ఎందుకన్న కుతూహలం కూడా అంతే ఉంది. నలభై ఏడేళ్లు ఎదురుచూశాను. చివరికి వేలు తీసేశాను.

మర్నాడు ముప్పై ఒకటి. బస్సు చెడిపోలేదు. అమ్మాయి నేరుగా అక్క ఇంటికి వెళ్లింది. ముప్పై రెండంతా ఒక పెళ్లి సంబంధం గురించిన మాటలే. వదిన మొహం చిట్లించుకుని కూర్చుంది. ఆ మరుసటిరోజు ముప్పై మూడు. పెళ్లివాళ్లు వచ్చిన ఉదయం అమ్మాయి తొందరలో ఇడ్లీ పాత్ర మూత తీసింది, ఆవిరికి చెయ్యి కాలింది. గొడుగు బస్సులో మారిపోయింది. అంతే.

వదిన చెయ్యెత్తింది. ఫోను ఆపాను.

"ఈ ఆయన మింగేసినాడు" అంది.

"ఏమి వదినా?"

"బెల్టు ఏది? ఆ పిల్ల ఏది? ఇడ్లీ ఆవిరి అంట! మనం ఎన్నిసార్లు కాల్చుకోలేదు, ఎవురు కట్టు కట్టినారు? ఇంత పసుపు పూసి మిల్లుకు పోయినాం. ఈ ఆయన పుస్తకం సరిగా చూసి చదవలేదు."

"ఆయన సరిగ్గానే చదివాడు వదినా. నేనే చదవలేదు. ఆ మూడు వారాల పత్రిక నేను చూడనే లేదు. ఆ బెల్టు, ఆ పిల్ల, సంతకం, అంతా నేను కల్పించింది."

లోటాలోంచి ఫోను తీసి ఒళ్లో పెట్టుకున్నాను. వదిన నన్ను చూడలేదు, లోటాను చూసింది.

"అయితే మేస్త్రీ ముందర నేను చెప్పింది ఎవురి మాట?"

"నాది."

"నువ్వు సంతకం పెట్టినావే."

"పెట్టాను."

వదిన లోటాను దగ్గరికి లాక్కుని, కొంగుతో దాని అంచు తుడిచింది.

"నీదని తెలిసుంటే నేను అంత మాట ఆడుండను" అంది. "పుస్తకంలో ఉండాదని గదా ఆ ధైర్యం. పదకొండు దినాలు అమ్మిణీ! మా ఆయన నాతో మాట్లాడలేదు."

"తప్పే వదినా."

"తప్పే. పొయ్ చెప్పడానికి నేనే దొరికినానా నీకు?" పొయ్ అంటే అబద్ధం. ఆ మాట అంటూనే ఆమె పెదవి ఒక పక్కకు వంగింది. కోపమో నవ్వో నాకు తెలియలేదు. "సరి. ఆ మూడూ మళ్లా చెప్పు."

చెప్పబోయాను. బస్సు ఆగిందన్నాను, కొంగు చిక్కుకుందన్నాను, తర్వాత గొడుగు దగ్గరకు వచ్చేశాను. నాకు గుర్తున్నది అంతే. తేదీలు రాసుకున్నాను, టిక్కు పెట్టుకున్నాను, కథ మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

"ఇంతేనా? మర్చిపోయినావా? ఉండు, నేను చెబుతా."

వదిన చెప్పింది. బస్సు డ్రైవరుకు మెల్లకన్ను. మిల్లు వాకిట్లో కుంటి మేక. పిల్ల కట్టుకున్నది ఆకుపచ్చ చీర, దాని కొంగున రెండు చిల్లులు. కాగితం రాసినవాడి చొక్కా జేబులో మూడు పెన్నులు, ఒక్కదానిలోనూ సిరా లేదు. అడ్డం పడి అడిగాను.

"పెన్నుల సంగతి నేను చెప్పానా?"

"నువ్వే చెప్పినావు."

"మేక?"

"ఆమా, అవును, నువ్వే. నేనెందుకు కల్పిస్తాను? పొయ్ చెప్పేది నువ్వు గదా."

నేను చెప్పానో లేదో చూసుకోవడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. షెడ్డులో విన్న తక్కినవాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు. ఆమె చెప్పడం ఇరవై ఆరు నిమిషాలు పట్టింది, గోడ గడియారం చూసి రాసుకున్నాను. పాత నోటుపుస్తకం పెట్టె అడుగునుంచి తీసి, ఆ మూడు టిక్కులనూ కొట్టేశాను. కొత్త నోటుపుస్తకంలో విన్నవాటి వరుసలో రాశాను: ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు, చెప్పింది వదిన.

"ఏమి రాస్తా ఉండావు?"

"మీరు చెప్పారని రాశాను."

"పెన్నులు రాసినావా?"

రాశాను. మూడు పెన్నులు, సిరా లేదు.

"ఇప్పుడు పెట్టు ముప్పై నాలుగు" అంది వదిన, ఫోనును తనే లోటాలోకి జారవిడుస్తూ. "చెయ్యి మానిందేమో చూద్దాం."