నాన్న అడగలేని మాట

నా చిన్నప్పుడు మా నాన్నకు దవాఖానాకు తోడు వెళ్లేది నేనే. అమ్మ కూలికి పోకపోతే ఇల్లు గడవదు కాబట్టి నాచేత బడి మాన్పించి పంపేవారు. దుమ్ముగూడెం దాటి అడవిలో ఉన్న మా కోయగూడెం నుంచి భద్రాచలం, అక్కడి నుంచి మరో బస్సులో ఖమ్మం. నాన్నకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకున్న రోజు కాస్త నవ్వేవాడు. మరునాటికి కాళ్లు మళ్లీ ఉబ్బేవి. తిరుగు ప్రయాణంలో నా చెయ్యి పట్టుకుని, బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాడు.

ఆ దవాఖానాలో ఒక నర్సమ్మ ఉండేది. వైరా దగ్గర రైతుల ఇంటి ఆడపడుచు. తన టిఫిన్ డబ్బాలో సగం నాకే పెట్టేది. ఒకరోజు వరండాలో నాకు జడ వేస్తూ, డాక్టరు చెప్పిన సంగతి మీ నాన్న ఇంట్లో చెప్పాడా అని అడిగింది. ఏ సంగతో నాకు తెలియదు. రక్తసంబంధం ఉన్నవాళ్లు ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే, ప్రభుత్వ పథకం కింద హైదరాబాదులో ఆపరేషన్ చేస్తారట, ఇక ఈ మిషన్ అవసరం ఉండదట. నాన్న మాకు ఒక్క ముక్క చెప్పలేదు. బలానికి సూదులు వేస్తున్నారనే ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. అదే ఆమెకు చెప్పాను. ఆమె జడ పూర్తి చేసి, మా గూడేనికి దారి అడిగింది.

ఆ ఆదివారమే మా గూడేనికి వచ్చింది. వెంట ఇల్లందు నుంచి మా కోయవాళ్లలోనే ఒకామెను తీసుకొచ్చింది. వాళ్లను చూడగానే నాన్నకు విషయం అర్థమైంది, తల దించుకున్నాడు.

"నువ్వు అడగలేవని నాకు తెలుసన్నా. అందుకే నేనొచ్చిన," అంది నర్సమ్మ.

చుట్టాలంతా మా వాకిట్లో చేరారు. కిడ్నీ ఇచ్చిన మనిషి ఇక ఏ పనికీ పనికిరాడని ఒకరు, పట్నం డాక్టర్లు కోసి అమ్ముకుంటారని మరొకరు. తన భార్య మంచాన పడితే పిల్లలను ఎవరు చూస్తారని మా మేనత్త భర్త గట్టిగానే అడిగాడు. ఇల్లందు ఆమె అందరికీ మా కోయ మాటలోనే జవాబు చెప్పింది. ఆమె తన తమ్ముడికి కిడ్నీ ఇచ్చిందట, ఆ తర్వాతే ఆడపిల్లను కన్నదట. ఆడవాళ్లను లోపలికి తీసుకెళ్లి, చీర పక్కకు జరిపి కోత మచ్చ చూపించింది. మా మేనత్త ఆ మచ్చను వేలితో మెల్లగా తడిమింది. నొప్పి పెడుతుందేమోనన్నంత మెల్లగా.

బయలుదేరే ముందు నర్సమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఇచ్చినా మంచిదే, ఇయ్యకున్నా మంచిదే. పరీక్షలన్నీ అయినంక వద్దనిపించినా సరే, నాకు చెవిలో చెప్పుండ్రి. మీ కిడ్నీ పనికిరాదని చెప్పి డాక్టర్లే ఆపేస్తరు. ఎందుకని మిమ్మల్ని ఎవ్వరూ అడగరు."

తర్వాత కొన్నాళ్లు ఎవరూ ఆ ఊసెత్తలేదు. అమ్మ ఎప్పటిలాగే పనికి పోయేది. ఒక పొద్దున మా మేనత్త వచ్చి నాన్న మంచం అంచున కూర్చుంది. పరీక్షలకు తాను వస్తానంది. నాన్న ఒప్పుకోలేదు. నీకేమైనా అయితే నీ పిల్లలకు నా మొహం ఎలా చూపించాలి అన్నాడు.

"నువ్వు అడిగితే భయపడేదాన్నేమో తమ్మీ," అంది అత్త. "నువ్వడగలే. నాకే ఇయ్యాలనిపించింది, ఇస్తున్న."

అదృష్టవశాత్తూ అన్నీ సరిపోయాయి. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు అత్తను ఒక్కదాన్నే గదిలోకి పిలిచారు. బయటకొచ్చి నవ్వింది. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇంటికి పోతావా అని మళ్లీ అడిగారట, పోనని చెప్పిందట. డాక్టర్లు వద్దన్నందుకు అన్నాళ్లూ గుక్కెడు గుక్కెడు కొలిచి తాగిన నాన్న, ఆపరేషన్ తర్వాత ఎన్నో నెలలకు మొదటిసారి కడుపునిండా నీళ్లు తాగాడు. తాగుతూ ఏడ్చాడు.

ఆయన నా పెళ్లి చూశాడు, నా కొడుకును ఎత్తుకున్నాడు. తర్వాత ఒక వానాకాలం విషజ్వరం వచ్చి పోయాడు. మా అత్త ఇప్పటికీ ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోయడానికి అడవికి పోతుంది.

ఎవరినైనా సాయం అడగవలసి వస్తే, మీకు కుదరకపోయినా నేనేమీ అనుకోనని ముందే చెప్పడం నాకు అప్పటి నుంచీ అలవాటు. అలా అడిగితే ఎవరిస్తారమ్మా అని నా పిల్లలు నవ్వుతారు. ఇచ్చేవాళ్లు ఇస్తారు. ఇవ్వలేనివాళ్లు మరునాడు నేను ఎదురైతే తల దించుకోకుండా పలకరించాలి, అంతే.